మునగని మడి

కలకత్తా శివారు బేహాలాలో సోమయాజులుగారు అద్దెకున్న ఇంటి పెరడు ఏటా ఆషాఢంలో మోకాలి లోతు చెరువయ్యేది. కళాశాలలో రసాయనశాస్త్రం బోధించి రిటైరైన ఆయన, వానను తిట్టుకోవడం కన్నా నేలను ఎత్తడం సులువని తేల్చారు. ఆ ఇంట్లో దిగిన రెండో ఏడు పాత ఇటుకలతో తొడ ఎత్తున నాలుగు గోడలు కట్టించి, పేడ ఎరువు కలిపిన మన్ను నింపి, అంచుల్లో తోటకూర చల్లారు. నడిమి జాగా వంగనారుకని వదిలారు.

గిన్నెలు తోమే అప్పలకొండమ్మ ఆగి చూసింది. ఆమె కొడుకు కార్పొరేషన్‌లో పాకీపని చేస్తాడు. కాపురం కాలవగట్టు బస్తీలో.

"ఏటి బాబూ ఇది, గోరీలాగుంది?"

"ఎత్తుమడి. కలకత్తా అంతా మునిగినా ఇది మునగదు."

"నిజంగా ములగదా?"

"లెక్క చూసి కట్టించాను," అన్నారాయన గర్వంగా.

శ్రావణంలో దంపతులు లిలువాలో బంధువుల ఇంటికి వెళ్ళి వానకు చిక్కుకుపోయారు. తాళంచెవి అప్పలకొండమ్మ దగ్గరే ఉంది. తిరిగొచ్చాక చూస్తే మడి నడుమ మన్ను మూరెడు మేర కుంగి ఉంది. ఆయన పూడ్చారు. మర్నాటికి మళ్ళీ కుంగింది.

"ఏమండీ, కిందెవరో ఊపిరి తీస్తున్నట్టుంది," అంది భార్య జ్ఞానప్రసూన.

"ఎరువు కుళ్ళుతోంది, ప్రసూనా. కుళ్ళేకొద్దీ మన్ను దిగుతుంది, వేడి పుడుతుంది. చెయ్యి పెట్టి చూడు."

ఆమె పెట్టి చటుక్కున తీసేసింది. "వెచ్చగా ఉంది. ఇక్కడ ఒక్కచోటే."

ఆయనా తాకి చూశారు. చుట్టూ మన్ను చల్లగానే ఉంది. ఎరువు కలపడం సరిగా కుదరలేదన్నారు. ఆ పూట తోటకూర పులుసు తిన్నారు.

తరవాత ఆ పల్లంలో మొలకలొచ్చాయి. కళ్ళజోడు సవరించుకుని ఆయన వంగారు. వరి, గోధుమ, కంది, పెసర, మినుము, శనగ, అలసంద, ఉలవ, నువ్వు.

"పిట్టలు వేసుంటాయి లెండి," అంది ప్రసూన, ఆయన్నే సముదాయిస్తున్నట్టు.

పిట్టలు గింజలు జారవిడుస్తాయి. మూరెడు జాగాలో తొమ్మిది రకాలూ ఏరి వెయ్యవు. ఈ తొమ్మిదీ కలిసి నేలమీద పడడం ఆయన ఒక్కసారే చూశారు: తండ్రి చితి చల్లారాక, అస్థికలు ఏరిన చోట. అన్నగారు చల్లుతుంటే, నమ్మకం లేని తాను పక్కకు నిలబడ్డారు.

దెయ్యాలు నవధాన్యాలు చల్లవు. చల్లింది మనిషి. ఆయన బొరిగె అందుకున్నారు.

"తవ్వకండి బాబూ."

అప్పలకొండమ్మ మసిచేతులతోనే పరుగెత్తుకొచ్చింది.

"మా కోడలి బిడ్డ బాబూ. నెల్లు నిండకుండా పుట్టి, ఏడవకుండానే పోనాది. మొదటిదాన్ని కాలవగట్టున పెట్టినాం. వానకి గట్టు జారిపోనాది. కుక్కలకి దొరికిందో, గంగలో కలిసిందో! ఇది ములగదని మీరే కదా సెప్పినారు."

"ఈ గింజలు?"

"పసిగుడ్డుకి కర్మలు నేవంటారు. ఊరికే పోనివ్వడానికి మనసొప్పలేదు."

ఆయన నాలుక మీదికి ఆనాటి పులుసు రుచి తిరిగొచ్చింది. ఠాణాకు చెప్పాలి. తవ్వి తీయించాలి. తన వివరణలో ఒక్క ముక్కా తప్పు కాదు. కుళ్ళేకొద్దీ మన్ను దిగుతుంది.

చూపు తిప్పుకోబోతే ఎదురింటి గోడ కనిపించింది. డెబ్బై ఏడు ఎన్నికలప్పుడు గీసిన సుత్తీ కొడవలి బొమ్మ సగం నుంచి కిందికి కొట్టుకుపోయి ఉంది. చెరిపింది మరుసటేటి వరద, ఆయన ఈ ఇంటికి రాకముందుది. చెరిగిన గీత మడి అంచుకన్నా జానెడు పైనే ఉంది. తన లెక్కలో ఏటా వచ్చే నీళ్ళే ఉన్నాయి, ఆ ఏటివి లేవు.

పడమట మబ్బు నల్లగా దిగుతోంది.

"సెప్పండి బాబూ. ములగదు కదా?"

రుజువు లేని మాట జీవితంలో అని ఎరగని మనిషి బొరిగెను ఇటుకల మీద పెట్టారు.

"మునగదు," అన్నారు. "ఇంకో నాలుగు వరసలు లేపుతాను. ఇవాళే."

ఆమె రెండు చేతులూ జోడించింది. వాళ్ళిద్దరి కళ్ళముందే, మొలకలతో సహా, నడిమి మన్ను మెల్లగా దిగి, ఆగి, మళ్ళీ కొంచెం లేచింది.

ఈసారి ఆయన కారణం చెప్పలేదు. ఇటుకలు తేవడానికి వెళ్ళారు.