బూడిద రంగు వేయని కొండ

మా నాటింగ్‌హామ్‌లో రాయి బూడిద రంగులో ఉండదు. ముందు ఈ సంగతి చెప్పి తర్వాత కథలోకి వెళ్తాను, ఎందుకంటే గొడవంతా దీని మీదే. కోట నిలబడిన గుట్ట చూడండి, ట్రాము దారి పక్కన తవ్వి వదిలేసిన గోడ చూడండి, మా ఇంటి కింద రాతిలోనే తొలిచిన నేలమాళిగ చూడండి. అంతా ఇసుకరాయే. ఎండ పడితే తేనె రంగు, వాన పడితే మాడిన రొట్టె రంగు. చిన్నప్పుడు అమ్మ పాలసీసా తెమ్మని మాళిగలోకి పంపితే, గోడకి నాలుక ఆనించి ఇసుక రుచి చూసి మరీ పైకొచ్చేదాన్ని. అలాంటి దాన్ని పట్టుకుని రాయికి బూడిద రంగు వెయ్యమంటే వేస్తానా?

వెయ్యమన్నవాడు క్లైవ్ రడ్కిన్, మా క్లబ్బు అధ్యక్షుడు. చర్చి హాల్లో బల్లల మీద బొమ్మల సైన్యాలు మోహరించి, పాచికలు వేసి యుద్ధాలాడే క్లబ్బు మాది. సైనికులకి రంగులు వెయ్యడంలో క్లైవ్‌ని మించినవాడు లేడు. బొటనవేలంత మరుగుజ్జు రాక్షసుడికి కనుగుడ్డు దిద్ది, అందులో మెరుపు కూడా పెడతాడు. కానీ ఆ రాక్షసుడు నిలబడటానికి నేల కావాలిగా? ఆ నేల నాది. కొండలు, వంతెనలు, కూలిన బురుజులు, చిత్తడిలో గుడిసెలు, అన్నీ గట్టి థర్మాకోల్ చెక్కి నేను చేసినవే. నా పేరు మావిస్ షాక్‌లాక్. క్లబ్బులో ఆ పేరు వింటే కొందరు నవ్వుతారు, కొందరు పక్కకి తప్పుకుంటారు.

ఏటా వసంతంలో ఊళ్లో పెద్ద ప్రదర్శన జరుగుతుంది. ఎక్కడెక్కడి క్లబ్బులూ కొండలూ సైన్యాలూ పేర్చే తమ బల్లలు పట్టుకుని దిగుతాయి. ఉత్తమ బల్ల బహుమతి మీద క్లైవ్‌కి ఎప్పటినుంచో కన్ను. ఈసారి దానికోసం నేను నిట్టనిలువు కొండచరియ చేశాను, పైన కోటతో సహా. చలికాలమంతా మాళిగలో కూర్చుని, కలిపిన ప్రతి రంగూ గోడ పక్కన పెట్టి చూసుకుని మరీ వేశాను. తీరా క్లబ్బుకి తెస్తే ఏమన్నాడో వినండి.

"చూడు డక్," అన్నాడు టీ ఊదుకుంటూ. మా ఊళ్లో ముద్దొచ్చినా ఒళ్లు మండినా పిలుపు అదే. "కొండ బ్రహ్మాండంగా ఉంది. రంగే... కస్టర్డ్ ఒలికినట్టుంది."

"కస్టర్డ్ కాదు. కోట గుట్ట."

"ఇది మన కోట గుట్ట కాదు కదే తల్లీ. డ్రాగన్లు తిరిగే లోకం."

"డ్రాగన్‌ని నమ్ముతావు, తేనె రంగు రాయిని నమ్మవా?"

"నేను నమ్మినా జడ్జీలు నమ్మరు. ఏ బల్ల మీద చూసినా రాయి బూడిద రంగే. ముందు నల్ల పూత, దాని మీద బూడిద, అంచులకి తెలుపు రుద్దడం. అందరూ అలాగే చేస్తారు."

"అందరూ చేస్తారు కాబట్టే నేను చెయ్యను. వస్తే నా కొండ ఈ రంగులోనే వస్తుంది. లేకపోతే అదీ రాదు, నేనూ రాను."

"మొండిఘటానివి నువ్వు."

"ఇన్నాళ్లకి కనిపెట్టావా?"

అక్కడితో అయిపోయిందనుకున్నాను. ప్రదర్శనకి ముందురోజు మధ్యాహ్నం కొండని హాల్లో దింపి ఇంటికొచ్చాను. శనివారం పొద్దున్నే వ్యాను ఎక్కిద్దామని వెళ్తే, క్లైవ్ దాని ముందు స్ప్రే డబ్బా పట్టుకుని నిలబడి ఉన్నాడు. మొహంలో రక్తం లేదు.

కొండ ముందు భాగమంతా బూడిద. అది నేను ఊహించగలిగేదే. కానీ కుడి చివర లేదు. అంటే ఉంది, చెదలు తిన్న తలుపులా గుల్లలు పడి ఉంది. చిన్న గుంటలు, పెద్ద గుంటలు, ఒకదాన్లోంచి ఒకదాన్లోకి కన్నాలు.

"బల్లకి జానెడు ఎక్కువైంది," అన్నాడు మెల్లగా. "వంటగదిలో రొట్టె కోసే కత్తి తెచ్చి చివర కోశాను. అలాగే వదిలేస్తే బాగుండదని ఈ డబ్బాతో బూడిద అడుగుపూత కొట్టాను. అంతే మావిస్... కళ్లముందే కరిగిపోయింది."

బొమ్మలకి రంగులేసేవాడికి మాత్రమే వచ్చే బుద్ధి ఇది. వాళ్లకి ఏది చేతికొచ్చినా ముందు స్ప్రే కొట్టడం అలవాటు. లోహమైతే, గట్టి ప్లాస్టిక్ అయితే ఏమీ కాదు. థర్మాకోల్ మీద కొడితే చక్కెర మీద నీళ్లు పోసినట్టే. నేను జిగురూ రంగూ కలిపి పూత వేసిన చోట బతికింది. వాడు కోసి కొత్తగా బయటపెట్టిన చోట స్ప్రే తినేసింది.

ఏడుపొచ్చింది నాకు. దాచుకోవడం దేనికి, వాడి ఎదురుగానే ఏడ్చాను. చలికాలమంతా వేళ్లు కొంకర్లు పోతుంటే చెక్కిన కొండ అది.

"నాకు చెప్పకుండా ఎందుకు ముట్టుకున్నావురా?"

"చెప్తే ఒప్పుకోవుగా." స్ప్రే డబ్బా కింద పెట్టి, "పాత గుట్టలు ఉన్నాయిగా, బూడిదవి. అవి పెట్టుకుందాం. ఈ ఏడాదికి వదిలెయ్ డక్," అన్నాడు.

ఆ 'వదిలెయ్' అన్నమాట ఉంది చూశారూ, దాంతో నా ఏడుపు టక్కున ఆగిపోయింది. కళ్లు తుడుచుకుని ఆ గుంటల్లోకి వంగి చూశాను. గుండ్రంగా, అడ్డదిడ్డంగా, ఒక గదిలోంచి ఇంకో గదిలోకి తోవలు. అచ్చం మా మాళిగ. ఎవరో ఎప్పుడో పలుగుతో తవ్వి వదిలేసినట్టే ఉంది.

"అటు పక్క పట్టుకో," అన్నాను.

"ఎక్కడికి?"

"వ్యానులోకి. నా రంగుల పెట్టె కూడా తీసుకురా."

చెత్తబుట్టలోంచి నరికిన ముక్క తీసి సంచిలో వేసుకున్నాను. ప్రదర్శన హాల్లో బల్ల సర్ది, జనం లోపలికొస్తుండగానే పని మొదలెట్టాను. బ్రష్‌తో వేసే రంగు థర్మాకోల్‌ని ఏమీ చెయ్యదు. మాడిన రొట్టె రంగు గుంటల్లోకి దట్టించాను. దాని మీద ఇసుక రంగు, అంచులకి తేనె. ముందు భాగం మీది బూడిదని కూడా జానా బెత్తెడు చొప్పున మింగుకుంటూ వచ్చాను. నరికిన ముక్కని కొండ పాదాన గండశిలగా పడుకోబెట్టాను.

"నేనూ ఒక బ్రష్ పట్టుకోనా?" అన్నాడు క్లైవ్.

"ముట్టుకున్నావంటే చెయ్యి విరుస్తాను. డబ్బా పట్టుకుని నిలబడు."

నిలబడ్డాడు. మా ఊళ్లోకెల్లా పేరున్న రంగులవాడు, నా రంగు డబ్బా పట్టుకుని, జనం మధ్యలో. పక్క బల్లవాళ్లు ఊరుకుంటారా? "ఏం క్లైవ్, కూలికి కుదిరావా?" అని ఒకడు, "జీతం ఇస్తోందా, టీతో సరిపెడుతోందా?" అని ఇంకొకడు. వాడు చెవులు ఎర్రబడినా డబ్బా మాత్రం వదల్లేదు.

"మీ ఇంటి కింద మాళిగ ఉందా?" అడిగాను తలెత్తకుండా.

"ఉంది. సైకిలు పెడతాను."

"గోడలు ఏ రంగు?"

వాడు చేతిలోని డబ్బాలోకి ముక్కు అంటేంతగా వంగి రంగు చూశాడు.

మధ్యాహ్నానికి పూర్తయింది. క్లైవ్ రాక్షసులు గుహల్లోంచి తొంగి చూస్తుంటే పిల్లలు ముక్కులు ఆనించేంత దగ్గరగా వంగుతున్నారు. అప్పుడొచ్చాడు జడ్జి, మా ఊరివాడు కాదు, దేశం దక్షిణపు కొసనుంచి వచ్చినవాడు, చక్కగా దువ్విన గడ్డం. బల్ల చుట్టూ తిరిగి, గుహల ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"ఈ గుహలు అద్భుతం. ఇలాంటివి నేనెక్కడా చూడలేదు," అన్నాడు లేస్తూ. "కానీ రంగు దగ్గరే వచ్చింది చిక్కు. రాయి ఇలా ఉంటే నమ్మబుద్ధి కావట్లేదండీ. బూడిద రంగు వేసుంటే మొదటి బహుమతి మీకే. ఇప్పుడైతే రెండోది ఇవ్వగలను."

ఇలాంటి వాడికోసం నా దగ్గర ఓ తిట్టు చలికాలం నుంచీ సిద్ధంగా ఉంది. నోరు తెరిచాను. అంతలో నా పక్కనుంచే వచ్చింది గొంతు.

"నమ్మబుద్ధి కావట్లేదా?" క్లైవ్ డబ్బా బల్ల మీద ఠపీమని పెట్టాడు. "మీ కాళ్ల కింద ఉన్నది అదే రాయి మహానుభావా. గుమ్మం దాటి రెండు వీధులు నడవండి, కోట గుట్ట ఎదురుగానే కనిపిస్తుంది. చూసొచ్చి చెప్పండి. అప్పటిదాకా ఆ రెండోది మీ దగ్గరే పెట్టుకోండి."

జడ్జి ఏదో రాసుకుని వెళ్లిపోయాడు. మాకు మొదటిదీ రాలేదు, రెండోదీ రాలేదు. ఎన్నాళ్లుగానో కోరుకున్న బహుమతిని క్లైవ్ తన నోటితోనే తగలేశాడు. ముక్కు మీద తేనె రంగు మరకతో, రొప్పుతూ, నా కొండకి అడ్డంగా నిలబడ్డాడు.

వాణ్ణి క్షమించానని అనుకోకండి. ఆ కోతకి క్షమాపణ లేదు. కానీ ఆ పూట మాత్రం వాణ్ణి చూస్తే నా కడుపు నిండిపోయింది.

సాయంత్రం వ్యాను సర్దుతుంటే దగ్గరికొచ్చి నసిగాడు. "మావిస్, ఒకసారి మీ మాళిగ చూడొచ్చా?"

"రేపు రా," అన్నాను. "స్ప్రే డబ్బా మాత్రం ఇంట్లో పెట్టి రా."