చెవి మావయ్య చూసిన గాలివాన

ఇనపగేటు లాగి, గొళ్లెం పడిన చప్పుడు చెవిన పడ్డాక గానీ అతను మీట తిప్పడు. లోపల నిలబడ్డవాళ్లు ఎంత తొందరపెట్టినా అంతే.

"కాస్త త్వరగా పోనివ్వండి, ఆలస్యమైపోయింది" అంది మూడో అంతస్తులో పనిచేసే టైపిస్టు.

"లిఫ్టుకి తొందరుండదమ్మా, మనకే ఉంటుంది" అన్నాడు తల తిప్పకుండా. లిఫ్టు ఓసారి మూలిగి పైకి బయల్దేరింది.

ఆ భవనం పాతది. లిఫ్టు అంతకంటే పాతది. ఊళ్లో మిగతా చోట్ల తలుపులు వాటంతటవే తెరుచుకునే లిఫ్టులు వచ్చి చాలాకాలమైంది. ఇక్కడ మాత్రం మడతల గేటు, ఇత్తడి మీట, వాటి పక్కన అతను. ఈ ఏడు మార్చేస్తానని యజమాని ఏటా అంటూనే ఉన్నాడు. ఆ మాటకు భయపడటం అతను ఎప్పుడో మానేశాడు. జుట్టు నెరిసి, నడుం కాస్త వంగి, మీట పట్టుకునే అరచేతిలో కాయ కాసి, అతను కూడా ఆ లిఫ్టు సామానులో ఒకటిగా కలిసిపోయాడు. రోజూ ఎక్కేవాళ్లలో చాలామంది అతని మొహం సరిగ్గా చూసి ఉండరు. నిలబడితే కనిపించేది వీపే మరి.

కిటికీ లేని ఆ పెట్టెలో నిలబడి అతను ఆకాశాన్ని కనిపెట్టేవాడు. బయటి నుంచి ఎక్కే మనుషులే అతనికి ఆధారం. పొద్దున్న పౌడరు వాసనతో, నున్నగా దువ్విన తలలతో ఎక్కినవాళ్లు మధ్యాహ్నం భోజనం చేసి వచ్చేసరికి మొహాలు జేవురించి ఎక్కుతారు. మెడ దగ్గర చెమట ఆరిపోయి ఉప్పు చారలు కట్టిందంటే బయట పొడిగాలి, ఇవాళ ఏమీ లేదు. చెమట ఆరక చొక్కాలు వీపులకు అతుక్కుపోయాయంటే గాలిలో తేమ చేరింది. చేతిరుమాళ్లు ముక్కులకు అడ్డం పెట్టుకుని, కనుబొమల మీద దుమ్ముతో ఎక్కారంటే ఇంక ఎంతోసేపు పట్టదు. ఇవాళ పొద్దున్నుంచీ చొక్కాలన్నీ అతుక్కునే ఉన్నాయి.

అతనికి వానపిచ్చి. రోజుల తరబడి పట్టే ముసురు కాదు. నెత్తి మాడే ఎండాకాలంలో, పొద్దు వాలాక ఎక్కడో లేచి, ఊరంతా తిరగేసి, దీపాలు పెట్టే వేళకి ఏమీ ఎరగనట్టు వెళ్లిపోయే గాలివాన. ఆ పిచ్చి ఉన్నవాళ్లు ఊళ్లో ఇంకా కొందరు ఉన్నారు. ఫోనులో వాళ్లంతా ఒక గుంపు. పడమటి చివర ఫ్యాక్టరీ బస్సు నడిపే ఆవిడని బస్సక్క అంటారు. ఆమెకి ఇవతల మందుల కొట్టు నడిపే ఆయన మందుల బాబాయి. తూర్పు చివర ఆసుపత్రి గుడ్డలు ఉతికి మేడ మీద ఆరేసుకునే ఆవిడ లాండ్రీ పిన్ని. మబ్బు లేచింది మొదలు దాటిపోయేదాకా, ఎవరి నెత్తి మీదికి వస్తే వాళ్లు తర్వాతివాళ్లకి కబురు అందించాలి. నియమం ఒక్కటే: కంటితో చూసిందే చెప్పాలి. టీవీలో విన్నది, పక్కవాళ్లు అన్నది చెల్లదు.

సరిగ్గా ఊరి నడిమధ్యన ఉన్నది ఇతను. ఆ నడిమధ్యనే కబురు తెగిపోయేది. ఎండాకాలపు వానలన్నీ కక్షగట్టినట్టు ఆఫీసులు వదిలే వేళకే వస్తాయి. అప్పుడే లిఫ్టుకి ఊపిరి సలపదు. నెత్తి మీద ఆకాశం బద్దలవుతుంటే, అతను కిందికీ పైకీ తిరుగుతూ, లిఫ్టు తాళ్ల సందులోంచి దిగే ఉరుము మాత్రం వినేవాడు. గేటు తెరిచినప్పుడు ఫోనుకి సిగ్నలు అందితే "ఉరుము వినపడింది" అని పెట్టేవాడు. సెలవు పెట్టి చూద్దామంటే, సెలవు పెట్టిన రోజల్లా ఆకాశం తోమిన పళ్లెంలా ఉండేది. అలా అతనికి చెవి మావయ్య అని పేరుపడింది. "మావయ్యా, నీ చెవిని నమ్ముకుంటే నా దుప్పట్లు మళ్లీ ఉతుక్కోవాల్సి వచ్చింది" అని లాండ్రీ పిన్ని ఎన్నిసార్లు వేళాకోళం చేసిందో. అతనూ నవ్వేవాడు. లోపల మాత్రం కలుక్కుమనేది.

ఈ ఎండాకాలం మొదట్లో కళ్ల డాక్టరు అతనికి పక్కచూపు చాలావరకు పోయిందని చెప్పాడు. పోయింది తిరిగి రాదు. మిగిలినది చుక్కల మందుతో కాపాడుకోవాలి, అదీ ఎన్నాళ్లో తెలీదు. ఇంటికొచ్చి భార్యకు చెబితే ఆమె కుట్టుమిషను ఆపింది. తర్వాత, "గుడ్డి కన్నా మెల్ల నయం అన్నారు. ఉన్నన్నాళ్లు బాగా చూడండి" అంది. ఆ రోజే అతను తీర్మానించుకున్నాడు. ఈ ఎండాకాలం పోయేలోగా ఒక్క గాలివానని తల నుంచి తోక దాకా తన కళ్లతో చూడాలి. వచ్చే ఏటికి ఆకాశం ఎంత వెడల్పు మిగులుతుందో ఎవరు చూశారు?

ఒకసారి ప్రయత్నించాడు కూడా. ఉరుము వినగానే లిఫ్టు వదిలేసి మేడ మీదికి పరిగెత్తాడు. వెళ్లేసరికి చూరు నీళ్లు తప్ప ఏమీ మిగల్లేదు. అదే సమయానికి యజమాని వచ్చి కింద నిలబడ్డాడు. ఆయన ఇంట్లో ఏం గొడవపడి వచ్చాడో, ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు మేనేజరు మీద పడ్డాడు. మేనేజరు ఇతని మీద పడ్డాడు. ఇంకొక్కసారి లిఫ్టు వదిలి కదిలితే ఉద్యోగం లేనట్టేనని అందరి ముందూ చెప్పాడు.

ఇవాళ పొద్దున అన్నం డబ్బా చేతికిస్తూ భార్య అదే గుర్తు చేసింది. "మీ ఉద్యోగం తుమ్మితే ఊడే ముక్కు. ఇవాళ ఉక్కగా ఉంది. జాగ్రత్త."

"నాకు కాస్త జలుబు చేసినట్టే ఉంది" అన్నాడు అతను చెప్పులు వేసుకుంటూ. ఆమె నవ్వలేదు.

పొద్దు వాలాక నాలుగో అంతస్తులో గేటు తెరవగానే ఫోను కొట్టుకుంది. గుంపులో బస్సక్క వాయిస్ మెసేజి. "పడమట లేచింది. తునకలు తునకలుగా కాదు, గోడ కట్టినట్టు వస్తోంది. అడుగున నల్లగా ఉంది. నేను బస్సు పక్కకి ఆపేశా."

గేటు మూశాడు. కింద దంతాల డాక్టరు దగ్గరికి వచ్చే లావుపాటి మనిషిని ఎక్కించుకుని రెండో అంతస్తులో దింపాడు. గేటు తెరిచిన ఆ కాస్తలో మందుల బాబాయి. "గాలి తిరిగింది. షట్టరు సగం దించేశా. నీ మీదికే వస్తోంది మావయ్యా, చెవులు రిక్కించుకో." వెనకే లాండ్రీ పిన్ని. "ఇవాళ మేడ నిండా ఆసుపత్రి దుప్పట్లే. ఎవరైనా చూసి చెప్పండి బాబూ, విని కాదు."

ఆ చివరి మాట అతను రెండుసార్లు విన్నాడు.

అప్పుడు ఎక్కినవాళ్ల కనుబొమల మీద దుమ్ము ఉంది. ఒకాయన జుట్టు నిక్కబొడుచుకుని ఉంది. అతనికి భయం వేసింది. కాదనడానికి లేదు. ఈ వయసులో, ఎవరికీ వీపు తప్ప ఏమీ కనపడని మనిషికి ఇంకో ఉద్యోగం ఎవరిస్తారు? కానీ ఆ భయం కింద ఇంకొకటి ఉంది. ఒళ్లుమండటం అనాలి దాన్ని. ఎన్నేళ్లుగానో జనం కోసం పైకీ కిందికీ తిరిగాడు. ఒక్క సాయంత్రం తన కోసం పైకి వెళ్లకూడదా?

మోకాళ్లనొప్పుల ముసలావిడ అయిదో అంతస్తులో కర్ర పట్టుకుని నిలబడి ఉంది. ఆమెను జాగ్రత్తగా కిందికి దింపి, వీధి గుమ్మం దాకా చెయ్యి పట్టుకుని నడిపించాడు. తిరిగొచ్చి ఖాళీ లిఫ్టులో నిలబడ్డాడు. మూడో అంతస్తు నుంచి గంట మోగింది. నాలుగు నుంచి కూడా మోగింది. అతను మీటని చివరిదాకా తిప్పి, ఎక్కడా ఆగకుండా, కొస అంతస్తుకి వెళ్లి గేటు బార్లా తెరిచి వదిలేశాడు. గేటు తెరిచుంటే ఆ లిఫ్టు అంగుళం కూడా కదలదు. ఎవరూ మధ్యలో ఇరుక్కోరు. నడిచి దిగడానికి మెట్లున్నాయి, కాళ్లున్నాయి.

మేడ మీద మెట్లగది తలుపు తీసేసరికి గాలి దాన్ని చేతిలోంచి లాక్కుంది. అతను బయటికి వెళ్లలేదు. పిచ్చి ఉంది గానీ మూర్ఖుడు కాదు. మెరుపులప్పుడు ఆరుబయట నిలబడకూడదని గుంపులో పసివాడికి కూడా తెలుసు. గుమ్మం లోపలే నిలబడి పడమటికి చూశాడు.

అది ఉంది. ఊరికి అడ్డంగా, ఈ చివర నుంచి ఆ చివర దాకా, బూడిదరంగు అంచు ఒకటి చాప చుట్ట విప్పుతున్నట్టు ముందుకు దొర్లుతోంది. దాని అడుగున ఆకాశం ముదురు ఆకుపచ్చగా ఉంది. ఇలాంటి రంగు ఉంటుందని ఎవరూ అతనికి చెప్పలేదు. పక్కచూపు లేదు కాబట్టి ఒక్కసారిగా అంతా కనపడలేదు. మెడ తిప్పుతూ, మొండెం తిప్పుతూ, ఒక్కో ముక్క చూసి దాన్ని ముందు ముక్కకి కలుపుకున్నాడు. పావురాలు గుంపుగా కిందికి జారిపోయాయి. ఎవరి మేడ మీదిదో ప్లాస్టిక్ కుర్చీ గిరగిరా దొర్లింది. అంతసేపూ వేడిగా కొట్టిన గాలి ఉన్నట్టుండి చల్లబడింది. మెరుపు నిలువునా దిగింది. ఉరుము ఈసారి తాళ్ల సందులోంచి కాకుండా నేరుగా రొమ్ము మీదికే వచ్చింది.

తర్వాత వాన కదిలి రావడం చూశాడు. వాన పడుతుందని తెలుసు గానీ, అలా నడిచి వస్తుందని తెలీదు. దూరంగా ఉన్న పెద్ద నీళ్ల ట్యాంకు తెల్లబడి మాయమైంది. దాని ఇవతల సెల్ టవరు పోయింది. సినిమా హాలు వెనక గోడ ఉంది, ఉంది, లేదు. అతను ఫోను నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"పిన్నీ, చూశాను. కంటితో చూశాను. సినిమా హాలు దాటింది. నీ దుప్పట్లు తీసెయ్."

గాలి హోరులో జవాబు సగమే వినపడింది. "తీస్తున్నా మావయ్యా, తీస్తున్నా" అని ఆమె రొప్పుతోంది.

వాన పిట్టగోడ దాటి గుమ్మం దాకా వచ్చింది. జల్లుకి అతని చొక్కా, మొహం తడిసి ముద్దయ్యాయి. వెనక్కి జరగలేదు. ఏడుస్తున్నాడో లేదో ఆ నీళ్లలో అతనికే తెలీలేదు. సంతోషం మాత్రం తెలిసింది. ఇంత వయసొచ్చాక, ఎవరూ పెట్టకుండా తనే లాక్కుని తిన్నట్టుంది.

మెట్ల మీద రొప్పు వినపడింది. మేనేజరు. అన్ని అంతస్తులూ ఎక్కి వచ్చాడు పాపం, నోట మాట రావడానికి కాస్త సమయం పట్టింది.

"ఏమయ్యా, కింద జనం నన్ను తినేస్తున్నారు. యజమానికి ఫోను కూడా పోయింది. పద."

"వాన వెలిశాక వస్తాను సార్."

మేనేజరు అతని వంక చూశాడు. చెడ్డవాడు కాదు ఆయన. గొంతు తగ్గించాడు. "చూడు పెద్దాయనా, కళ్లు తిరిగాయని చెప్పు. గుండెల్లో నొప్పొచ్చి గాలి కోసం పైకెళ్లానని చెప్పు. నేను సర్ది చెప్తా. పద, దిగు."

కళ్ల సంగతి నోటిదాకా వచ్చింది. డాక్టరు మాట ఒక్కటి చెబితే చాలు, జాలిపడతారు, ఉద్యోగం నిలబడుతుంది. అతను ఆ మాటని మింగేశాడు.

"నాకే నొప్పీ లేదు సార్. వాన చూడ్డానికి వచ్చా."

"అదే చెప్పమంటావా యజమానికి?"

"అదే చెప్పండి. మార్చకుండా చెప్పండి."

మేనేజరు అతని భుజం మీదుగా బయటికి చూశాడు. ఎదుట ఊరు లేదు. నీళ్లే ఉన్నాయి. కాసేపు ఇద్దరూ పక్కపక్కన నిలబడ్డారు. తర్వాత మేనేజరు కళ్లజోడు తుడుచుకుని, "అయితే యూనిఫారం ఇచ్చేసి వెళ్లు. రేపటి నుంచి రావక్కర్లేదు" అన్నాడు మెల్లగా. అని, తీసుకోకుండానే మెట్లు దిగిపోయాడు.

వాన తోక కూడా చూశాడు అతను. తూర్పున మెరుపులు దూరమై, పడమట ఒక పసుపు పచ్చ చీలిక తెరుచుకుని, చినుకులు ఒక్కొక్కటిగా లెక్కకు వచ్చేదాకా ఉన్నాడు. అప్పుడు చొక్కా విప్పి, పిండి, నీళ్ల గొట్టానికి తగిలించాడు. బనియనుతో మెట్లు దిగాడు. దారిలో టైపిస్టు ఎదురై పక్కకి తప్పుకుంది. అతని మొహం ఆమె చూడటం అదే మొదటిసారి కావచ్చు. "మెట్లు తడిగా ఉన్నాయి, చూసుకు దిగమ్మా" అని చెప్పి ముందుకెళ్లాడు.

ఇంట్లో కరెంటు లేదు. భార్య గుమ్మంలో కూర్చుని, మిగిలిన వెలుతురులో గుండీలు కుడుతోంది. అతన్ని పైనుంచి కిందిదాకా చూసింది.

"చొక్కా ఏదీ?"

"అక్కడే వదిలేశా."

"ఉద్యోగం?"

"అదీ అక్కడే."

ఆమె దారం పళ్లతో పటుక్కున తెంపింది. లేచి తువ్వాలు తెచ్చి అతని తల మీద పడేసింది.

"రేపు తిడతాను. బాగా తిడతాను" అంది. "ఇప్పుడు కూర్చుని చెప్పండి. ముందు ఏ వైపు లేచింది?"

అతను తల తుడుచుకుంటూ పడమటికి తిరిగి కూర్చుని, అక్కడి నుంచి మొదలుపెట్టాడు.

మేడ మీదికి మళ్లీ ఎవరూ వెళ్లలేదు. గొట్టానికి తగిలించిన ఖాకీ చొక్కా గాలికి ఒకసారి అటూ ఒకసారి ఇటూ తిరుగుతూ, జేబులో మిగిలిన వాననీళ్లని చుక్క చుక్కగా కార్చుకుంటూ ఉండిపోయింది.