నేను చూడని సరస్సు ముద్ర

"ఫ్లాస్కు మూత గట్టిగా బిగించావా జెరీ? పోయినసారి కారింది," అన్నాడు లోవ్రో బూట్ల తాళ్ళు కట్టుకుంటూ. ఇరవై రెండేళ్ళుగా బిగిస్తూనే ఉన్నాను. కారింది ఒక్కసారే, ఆయనకు గుర్తున్నదీ ఆ ఒక్కసారే.

మా ఆయన కొండదారి చూపించే గైడు. వేసవి వస్తే చాలు, ఎవరెవరినో మూడు తలల త్రిగ్లవ్ కొండ పైకి తీసుకెళ్తాడు. కొండ కింద మా ఊరు బోహిన్‌లో మా మేడ గదుల్లో దిగే అతిథులకు పక్కలు మార్చడం, రొట్టెలు కాల్చడం నా వంతు. త్రిగ్లవ్ ఎక్కనివాడు మనవాడే కాదంటారు మా దేశంలో. కొత్త కోడలిగా ఆ మాటే అంటే మా అత్త నెజ్కా నవ్వింది. "అందరూ ఎక్కితే, దిగొచ్చినవాళ్ళకి సూప్ కాచేదెవరే?" అంది. "వచ్చే వేసవికి తప్పకుండా తీసుకెళ్తా," అన్నాడు లోవ్రో. అలా ఎన్ని వచ్చే వేసవులు వెళ్ళిపోయాయో!

నాకు శిఖరం మీద మోజు లేదు. దాని కింద ఉన్న ఎగువ సరస్సు చాలు. మా అమ్మమ్మ పెళ్ళికి ముందు వేసవులన్నీ అక్కడి పచ్చికలో ఆవులు మేపి, జున్ను చేసేది. "గాలి లేవకముందు కొండ మూడు తలలూ నీళ్ళలో కనిపిస్తాయే. బకెట్ ముంచకముందే చూసుకోవాలి, ముంచితే చెదిరిపోతాయి," అనేది. అంట్లు తోముతూ తొట్టి నీళ్ళలోకి ఎన్నిసార్లు చూశానో నాకే తెలుసు.

మా పర్వత సంఘంలో సభ్యులందరికీ ఒక చిన్న పుస్తకం ఉంటుంది. కొండ మీద ఏ బసకు వెళ్తే అక్కడి రబ్బరు ముద్ర అందులో వేసుకోవాలి. నా పుస్తకం లోవ్రో సంచిలోనే తిరిగేది. "నీది కూడా వేయించుకొచ్చా, ఖాళీగా ఉంటే ఏం బాగుంటుంది?" అనేవాడు. ప్రేమతోనే అనేవాడు, కాదనను. మొదటి ముద్రను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాను. సిరా వాసన తప్ప ఏమీ లేదు. మొన్న వసంతంలో సంఘం సభలో, ముద్రలన్నీ నిండాయని నా పేరు పిలిచి రవికెకు బ్యాడ్జీ గుచ్చారు. "ఆ సరస్సు పొద్దున్నే ఎలా ఉంటుందే?" అని పక్కింటి సిల్కా ఆశగా అడిగింది. అమ్మమ్మ మాటలే అప్పజెప్పాను. సిగ్గుతో చచ్చిపోయాను. ఇంటికొస్తూ లోవ్రో, "చూశావా, కష్టపడకుండా వచ్చింది!" అన్నాడు. ఆ పొద్దున సభకొచ్చే నలభై మందికి కేకులు చేసింది నేనే.

ఈసారి ఫ్లాస్కు మూత బిగించి నా సంచిలో పెట్టుకున్నాను.

"నేనూ కొండకి వెళ్తున్నా. సూప్ పొయ్యి మీదుంది అత్తయ్యా. పక్కలు మార్చలేదు."

"ఈ వయసులో ఇదేం పోయేకాలమే!" అంది అత్త. లోవ్రో తన సంచి భుజాన వేసుకుని నా ముందు నడిచాడు.

మోకాళ్ళు ఏడిపించాయి. సాయంత్రం బసకు చేరేసరికి అంతా పొగమంచే. తెల్లవారగానే ఒక్కదాన్నే లేచి ఒడ్డుకు వెళ్ళాను. నీళ్ళలో మూడు తలలూ ఉన్నాయి. అమ్మమ్మ చెప్పనిది ఒకటుంది, ఆ తలలు చేతికందేంత దగ్గరగా ఉంటాయని. నీళ్ళలో చెయ్యి పెట్టలేదు. ఏడుపొచ్చింది, ఏడ్చాను. నన్నెవరూ ఏదీ అడగని చోట ఎంతసేపు కూర్చున్నానో తెలియదు.

వెనక నుంచి లోవ్రో వచ్చాడు, చేతిలో తెరిచిన పుస్తకం. "నీది కూడా వేయించేశా," అన్నాడు.

లేచి బసలోకి వెళ్ళాను. బల్ల దగ్గరున్న ఆవిడను కొత్త పుస్తకం అడిగాను.

"ఇందాక మీ ఆయన తెచ్చిన పాతది ఉందిగా అమ్మా, నిండా ముద్రలతో?" అందావిడ.

"అది మా ఆయనది. నేను రావడం ఇదే మొదటిసారి," అని ముద్ర అందుకుని నేనే వేసుకున్నాను.