అరింబి నైటీ మీద తడి

గాజు మీద బొమ్మలు వేసే పనిలో ముందు పేరు, తర్వాతే బొమ్మ. మేం గాజుకు వెనకవైపు వేస్తాం, చూసేవాళ్ళు ముందునుంచి చూస్తారు. కాబట్టి అన్నిటికంటే పైన కనిపించవలసింది అన్నిటికంటే ముందు పడాలి. వేసినవాళ్ళ పేరు, కనుబొమ్మలు, పెదవి గీత, నగల చుక్కలు. ఆ తర్వాత ఒంటి రంగు, బట్టలు, చిట్టచివరికి ఆకాశం. అదంతా కుడి ఎడమ తారుమారు చేసి వెయ్యాలి. తప్పు పడితే దాని మీద ఇంకో రంగు పూసి కప్పేద్దామంటే కుదరదు, ఆ మీద ఉన్నది గాజే. బ్లేడు పెట్టి గీకడం ఒక్కటే దారి.

మా ఇంట్లో ఆ పేరు ఎప్పుడూ మా మామగారిది. తర్మాది అంటే మా చిరెబోన్ పట్నం చుట్టుపక్కల తెలియనివాళ్ళు లేరు. గీత మగవాడిది, రంగు నింపడం ఆడవాళ్ళది, అలా నడిచింది ఈ ఇల్లు. అత్తగారు ఉన్నన్నాళ్ళు ఆవిడ నింపింది. ఆవిడ పోయాక, ఎనిమిదో తరగతి మధ్యలో బడి మానేసి పెళ్ళి చేసుకొచ్చిన నేను నింపాను. తర్వాత ఆయన చేతులకు వణుకు పట్టుకుంది. కాఫీ గ్లాసు కూడా రెండు చేతులతో పట్టుకోవలసి వచ్చింది. అప్పటినుంచి గీత కూడా నాదే. పొద్దున లేవగానే చెయ్యి కాస్త మాట వింటుంది కాబట్టి, అప్పుడే ఆయన నాలుగైదు గాజుల మూలల్లో తన పేరు తిరగేసి రాసి ఆరబెట్టేవాడు. ఆ పేరు వెనక నేను బొమ్మ వేసేదాన్ని.

ఇది బయట ఎవరికీ తెలియదు. చెప్పాలని నాకూ పెద్దగా అనిపించేది కాదు. నా భయాలు నాకుండేవి. ఇల్లంతా గాజు, ఇంట్లో పాకే పిల్లాడు. నా కొడుకు ఫహ్రి నిద్రలేచే లోపల చెమ్మగుడ్డతో నేలంతా తుడిచి, ఆ గుడ్డను వెలుగుకు పట్టి చూసి, మళ్ళీ తుడిచేదాన్ని. వాడు దగ్గితే గాజుముక్క మింగాడేమో అనుకునేదాన్ని. దగ్గకపోతే ఎందుకు దగ్గడం లేదని లేచి చూసేదాన్ని.

జోగ్జా నుంచి ఇబు వెనింగ్ వచ్చింది. మాలో ఇబు అంటే అమ్మగారు, పక్ అంటే అయ్యగారు. బొమ్మల ప్రదర్శనలు పెట్టే మనిషి. ఒంటి మీద నగ లేదు, మాట మెత్తన.

"ఈసారి పాత కథల పాత బొమ్మలు వద్దు పక్ తర్మాది," అంది. "ఇప్పటివాళ్ళ బొమ్మలు కావాలి. వేసినవాళ్ళు తమ బొమ్మ పక్కన నిలబడి, ఇది ఎందుకు వేశానో జనానికి చెప్పాలి. ఎవరు వేస్తే వాళ్ళే."

ఆ చివరి మాట అంటూ ఆవిడ నావైపు చూడలేదు. నా మోచేతిదాకా ఎర్ర రంగు ఉంది, అయినా చూడలేదు. కానీ ఆ మాట నన్ను పట్టుకుంది.

ఆవిడ వెళ్ళాక మామ అన్నాడు, "ఇప్పటి బొమ్మ అంటే ఏం బొమ్మే నోక్? మోటారుసైకిలెక్కిన అర్జునుడా?" ఆడపిల్లను నోక్ అంటారు మాలో. కోపంలోనూ అదే పిలుపు, ముద్దులోనూ అదే.

"నా దగ్గర ఒకటుంది మామా," అన్నాను. "కానీ దానికి నా పేరు పెట్టుకోనివ్వండి."

ఆయన నవ్వాడు. "పేరు పెట్టుకుంటే బొమ్మ బరువెక్కుతుందా?"

"ఒక్క బొమ్మకే."

"తిరగేసి రాయడం వచ్చా నీకు?"

"మీకే మర్చిపోయేలా ఉంది గాని, నాకు వచ్చు."

ఆయన చాలాసేపు నవ్వాడు. తర్వాత చేత్తో గాలిలో ఏదో తోసేసినట్టు చేసి, "రాసుకో పో," అన్నాడు. అంతే. నేను కొత్త గాజు తుడిచి, కుడిమూలకు చరీని అని నా పేరు రాశాను. ఆరేదాకా కూర్చున్నాను.

నాకు కావలసింది ఇంతే. ఆ బొమ్మ మీద నా పేరుండాలి, దాని పక్కన నిలబడి అది ఎందుకు వేశానో నా నోటితో నేను చెప్పాలి.

బొమ్మ ఘటోత్కచుడిది. మా కథలో, పుట్టగానే వాడి బొడ్డుతాడు ఏ కత్తికీ తెగలేదు. చివరికి ఎలాగో తెగాక దేవతలు వాణ్ణి పట్టుకుపోయి, సలసల కాగే కొండబిలంలో పడేశారు, కత్తులూ గదలూ కూడా అందులోనే పోసి ఉడికించారు. ఇనుప ఎముకలతో, తీగల్లాంటి నరాలతో బయటికొచ్చాడు. తోలుబొమ్మలాటల్లో ఈ ఘట్టం వస్తే మగవాళ్ళు ఈలలు వేస్తారు. బిలం ఉంటుంది, దేవతలుంటారు, పిల్లాడుంటాడు. మా వైపు అరింబి అని పిలిచే కన్నతల్లి మాత్రం ఎక్కడా కనపడదు. నేను అరింబిని వేశాను. బిలం అంచున నిలబెట్టాను. ముఖం మాత్రం బొమ్మలాటలోని రాక్షసకన్య ముఖమే, కోరలతో సహా. ఒంటికి నా నైటీ వేశాను, నీలం పువ్వులది.

"రాక్షసరాజు చెల్లెలికి నైటీ వేస్తావుటే!" అన్నాడు మామ. మా ఆయన కస్నాది చట్రం కొయ్యను కోస్తూ, "సంతకు బయల్దేరినట్టుంది నాన్నా," అన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. నేనూ నవ్వాను.

ఆ నైటీ మీద, ఎదకు రెండువైపులా, రంగు కాస్త ముదురుగా తడి వేశాను. ఫహ్రి నెలలు నిండకుండా పుట్టాడు. పెద్దాసుపత్రిలో గాజుపెట్టెలో, దీపం కింద పెట్టారు. లోపలికి రానివ్వలేదు. కారిడార్లో గాజుకు ఇవతల నిలబడి చూసేదాన్ని. వాడు నోరు తెరిచి ఏడుస్తున్నట్టు కనిపించేది గాని శబ్దం వచ్చేది కాదు. ఆ శబ్దం నా చెవికి చేరకపోయినా రొమ్ములకు తెలిసిపోయేది. నైటీ తడిసిపోయి పొట్టదాకా కారేది. పక్కనుంచి మనుషులు వెళ్తుంటే చున్నీ లాక్కునేదాన్ని. ఇది నేను ఎవరితోనూ అనలేదు, కస్నాదితో కూడా. ఆడదానికి ఇదొక కబురా? కానీ జోగ్జాలో అడిగితే చెబుదామనుకున్నాను. రంగులు కలుపుతూ, ఎలా మొదలుపెట్టాలో లోలోపలే అనుకునేదాన్ని. సరిగ్గా తడి దగ్గరికొచ్చేసరికి వదిలేసి, మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టేదాన్ని.

బొమ్మ పూర్తయిన మర్నాడు ఫహ్రికి టీకా వేయించడానికి వెళ్ళాను. జ్వరం వస్తుందేమోనని అక్కడే చాలాసేపు కూర్చున్నాను. తిరిగి వచ్చేసరికి చట్రం బిగించేశారు, వెనక చెక్క కొట్టేశారు, ముందువైపు కాగితం చుట్టేశారు. ఒకసారి చూస్తానన్నాను.

"ఇప్పుడు విప్పితే మళ్ళీ ఎవరు చుడతారు? వ్యాను వచ్చేసింది," అన్నాడు మామ. నా కళ్ళలోకి చూడలేదు. పిల్లాడి ఒళ్ళు వెచ్చగా ఉందన్న గాభరాలో నేనూ ఆయన్ని చూడలేదు.

జోగ్జా హాలు తెల్లగా, చల్లగా ఉంది. ఫహ్రికి టోపీ పెట్టాను. నా పెళ్ళినాటి జాకెట్టు వేసుకున్నాను, చంకల దగ్గర బిగుసుకుపోతోంది. బొమ్మ గోడ మధ్యలో ఉంది. ముందు అరింబి ముఖం చూశాను, బాగుందనిపించింది. తర్వాత కుడిమూల చూశాను.

నా పేరు లేదు. నా పేరున్నచోట గీకిన గీతల మధ్య తర్మాది అని ఉంది. అది కూడా తిరగబడి ఉంది. జీవితమంతా అద్దంలో రాసినట్టు రాసిన మనిషి, దొంగతనంగా, తొందరలో, వణికే చేత్తో కాగితం మీద రాసినట్టు తిన్నగా రాసేశాడు. ముందునుంచి చూస్తే అక్షరాలన్నీ వెనక్కి నడుస్తున్నాయి.

కస్నాది వైపు చూశాను. "నాకు తెలీదు, చరీ," అన్నాడు. చట్రం బిగించింది అతనే.

అప్పటికే మాటలు మొదలయ్యాయి. బాండుంగ్ నుంచి వచ్చినాయన గోడంత గుడ్డ మీద బూడిదరంగు పూసి, అది శూన్యమన్నాడు. శూన్యం గురించి చాలాసేపు చెప్పాడు. తర్వాత జుట్టు కత్తిరించుకున్న ఒకావిడ లేచింది. "ఎందుకు వేస్తానో నాకు తెలియదు. వెయ్యకపోతే తలనొప్పి వస్తుంది, పిల్లల మీద అరుస్తాను," అంది. అందరూ నవ్వి, చప్పట్లు కొట్టారు. ఆవిడ మీద నాకు ఇష్టం కలిగింది, ఆ వెంటనే కుళ్ళు పుట్టింది.

తర్వాత మామ. నల్లటోపీ, బాతిక్ అద్దకం చొక్కా, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. చేతులు వెనక ఎందుకున్నాయో ఆ హాలులో మా ముగ్గురికే తెలుసు.

"అరింబి అంటే మన దేశం," అన్నాడు. "బిడ్డను నిప్పుల్లో వేసి లోకాన్ని కాపాడే తల్లి. నైటీ అంటే సామాన్య ప్రజ."

ఆయన గొంతు బాగుంటుంది. మసీదులో నమాజు పిలుపు ఇచ్చిన గొంతు. జనం తలలూపారు.

ఒక కుర్రాడు అడిగాడు, "పక్, మీ పేరు తిరగబడి ఉందేమిటి?"

మామ వెనక్కి తిరిగి బొమ్మ వైపు చూశాడు. అప్పుడే చూశాడు. పట్టుబడ్డాడు, అనుకున్నాను. నా ఒళ్ళు తేలికయింది.

ఇబు వెనింగ్ మెల్లగా అందుకుంది. "బహుశా కళాకారుడు తన్ను తాను చెరిపేసుకోవడమేమో కదా, పక్?"

"అదే," అన్నాడు మామ. "జీవితమంతా లోకాన్ని గాజు వెనకనుంచి చూశాను. ఈసారి లోకమే నన్ను వెనకనుంచి చూడాలనుకున్నాను," అన్నాడు.

అందరికంటే పెద్ద చప్పట్లు ఆ మాటకే పడ్డాయి. బాండుంగ్ ఆయన కూడా లేచి నిలబడ్డాడు. ఆ శబ్దానికి ఫహ్రి ఉలిక్కిపడి ఏడుపు అందుకున్నాడు.

చప్పట్లు తగ్గాక ముందు వరసలో ఒక పిల్ల చెయ్యెత్తింది. చదువుకునే పిల్ల, కళ్ళద్దాలు. "అరింబి నైటీ మీద రెండు మచ్చలున్నాయి కదా. అవేమిటి? చెమటా? కన్నీళ్ళా?"

మామకు తెలియదు. ఎన్నడూ అడగలేదు. జనం తలల మీదుగా నాకోసం వెతికాడు. నేను పిల్లాణ్ణి భుజాన వేసుకుని అడుగు ముందుకు వేశాను. చెప్పవలసిన మొదటి మాట నోటిదాకా వచ్చింది.

ఆయన నవ్వేశాడు. "అదా? అదిగో, మా కోడలు. రంగులు నింపేది ఆ అమ్మాయే. పసిపిల్లాడి తల్లి కదా, చెయ్యి నిలవదు. కాస్త రంగు కారింది. నేనూ చూసీచూడనట్టు వదిలేశాను."

అందరూ వెనక్కి తిరిగి నన్ను చూశారు. ఏడుస్తున్న పిల్లాణ్ణి చూశారు. నవ్వారు. చెడ్డ నవ్వు కాదు. ఫరవాలేదమ్మా అన్నట్టు నవ్వారు. ఒక పెద్దావిడ మాత్రం నవ్వలేదు. బొమ్మ వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి, తల దించుకుంది. మరో ప్రశ్న అడిగారు. నేను బయటికి వచ్చేశాను.

మెట్ల మీద ఇబు వెనింగ్ నాకు అట్టపెట్టెలో తినేది తెచ్చి ఇచ్చింది. "నువ్వు అదృష్టవంతురాలివమ్మా, అంత పెద్దాయన పక్కన కూర్చుని నేర్చుకుంటున్నావు," అంది. "ఆ మచ్చ గురించి బాధపడకు. దానివల్ల బొమ్మకు ప్రాణం వచ్చింది."

నాకు నవ్వొచ్చింది. పెట్టె తీసుకుని థాంక్స్ చెప్పాను.

తిరుగుదారిలో మధ్యాహ్నం ఒక పాక హోటలు దగ్గర కస్నాది వ్యాను ఆపి, నీళ్ళు పట్టుకురావడానికి వెళ్ళాడు. ముందుసీట్లో నేను, మామ, మా మధ్య నిద్రపోతున్న పిల్లాడు.

"నా పేరు గీకేశారు," అన్నాను.

"గీకాను." దాచలేదాయన. "ఏం చెయ్యమంటావు? తర్మాది చెయ్యి పడిపోయిందని తెలిస్తే ఏమవుతుందో తెలుసా? రేపటినుంచి నా పాత బొమ్మలు కూడా నావి కావంటారు. చిన్నప్పుడు వేసినవి కూడా కోడలే వేసిందంటారు."

"అప్పటికి నేను పుట్టలేదు మామా."

"లోకం లెక్క చూస్తుందా?" తన చేతుల వైపు చూసుకున్నాడు. ఒడిలో పెట్టుకున్నా అవి ఆగడం లేదు. "బ్లేడు జారి వేలు కూడా తెగింది. తిన్నగా రాసేశానే, నోక్! నేను! మా నాన్న చూసుంటే గాజు తీసి నెత్తిన కొట్టేవాడు." నవ్వబోయాడు, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆయన్ని చూస్తే జాలేసింది. ఇంకో నిమిషం అలాగే ఉంటే క్షమించి ఉండేదాన్నేమో.

"సరేగాని," అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ, "వచ్చే నెల జకార్తాలో మళ్ళీ మాట్లాడాలట. ఇదే బొమ్మ. అడ్డంగా అడిగేవాళ్ళు అక్కడ ఇంకా ఎక్కువ. ఆ నైటీ మీది మచ్చలేమిటో చెప్పు. ఇవాళ తెలియక నీ మీదికి తోసేశాను. ఏదో ఉద్దేశంతోనే వేసి ఉంటావు, నాకు తెలుసు. చెప్పు, నేను అందంగా చెబుతాను."

అందంగానే చెబుతాడు. ఆసుపత్రి కారిడారు, గాజుపెట్టె, శబ్దం లేని ఏడుపు, అన్నీ ఆ గొంతులో పలుకుతాయి. ఆడవాళ్ళు కళ్ళు ఒత్తుకుంటారు. ఆ తడి కూడా దేశమైపోతుంది.

ఫహ్రి ముఖం మీద వాలిన ఈగను తోలాను.

"అది నిజంగా కారిన రంగే, మామా."

"రెండు పక్కలా?"

"రెండు పక్కలా."

ఆయన నన్ను కాసేపు చూశాడు. నమ్మలేదు. తర్వాత నమ్మడమే సుఖమనిపించిందేమో, ఊపిరి వదిలి వెనక్కి వాలాడు.

"ఈసారి బొమ్మ ముందు కూర్చునేటప్పుడు పిల్లాణ్ణి ఎవరికైనా ఇచ్చి కూర్చో," అన్నాడు. "వాడు పక్కనుంటే నీకు చెయ్యి నిలవడం లేదు."

అలాగేనన్నాను.