వంటింట్లోంచి బురుజుకి దారి

ఆ ఊళ్ళో అందరూ అతణ్ణి కుంచె బావ అనే పిలుస్తారు. వరసైన వాళ్ళూ పిలుస్తారు, కాని వాళ్ళూ పిలుస్తారు. దుకాణాల మీద పేర్లు, బడి గోడ మీద పటాలు, పిండిమర మీద పనివేళలు, అన్నీ అతని చేతి రాతలే. కొత్త రంగు డబ్బా తెరిచినప్పుడల్లా వంటింటి గోడ మీద ఒక పిచ్చుకను వేసి రంగు సరిచూసుకోవడం అతని అలవాటు. "నా వంటిల్లు మీకు చిత్తు కాగితమా?" అని భార్య ముప్పై ఏళ్ళుగా పోరుతూనే ఉంది. పిచ్చుకలు పెరుగుతూనే ఉన్నాయి.

ఈమధ్య పిచ్చుకలూ ఆగిపోయాయి. కొత్త రహదారి ఊరిని పక్కకు నెట్టేసి పోయినప్పటి నుంచి దుకాణాలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. మూసిన దుకాణానికి బోర్డెవరు రాయిస్తారు? పట్నంలో ఫ్లెక్సీల షాపు పెట్టిన బావమరిది మాత్రం "వచ్చేయండి బావా, మీట నొక్కితే బొమ్మ దానంతటదే వస్తుంది" అని ఫోన్లో చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతున్నాడు. కుంచె పట్టిన చేత్తో మీట నొక్కడమా అని కుంచె బావకు ప్రాణం ఉసూరుమనేది.

"మీ ఉసూరు పొయ్యి మీద పెడితే ఉడుకుతుందా?" అని భార్య తేల్చేసి, ఆదివారం పట్నానికి మకాం మార్చడానికి ట్రంకుపెట్టె సర్దడం మొదలుపెట్టింది.

సరిగ్గా అప్పుడే మునిసిపల్ చైర్మనమ్మ కబురు పంపింది. ఊళ్ళో రాజుల నాటి టంకశాల ఉంది, దిగుడుబావి ఉంది, అన్నిటికీ మించి బురుజు ఉంది. చూడ్డానికి రండని ఆవిడ ఆరు నెలలపాటు ఒక యాత్రల కంపెనీ చుట్టూ చెప్పులరిగేలా తిరిగి, ఒకే ఒక్క బస్సును ఒప్పించింది. శనివారం ముప్పైరెండు మంది వస్తారు. వాళ్ళకు నచ్చితే ప్రతి శనివారం బస్సు వస్తుంది. నచ్చకపోతే ఇక ఈ ఊరి వంక చూడరు.

"తమ్ముడూ, బస్టాండు నుంచి బురుజు దాకా బాణాలు వెయ్యి. ఒక్కరు కూడా దారి తప్పకూడదు. బస్సు నిలబడిందా, ఊళ్ళో ప్రతి బోర్డూ మళ్ళీ నీ చేత్తోనే రాయిస్తా," అంది చైర్మనమ్మ.

ఆ మాట పట్టుకుని కుంచె బావ ఎగురుకుంటూ ఇంటికి వచ్చాడు. భార్య గ్లాసుల్ని చీరముక్కల్లో చుట్టి పెట్టెలో పేరుస్తూ, "సరే. శనివారం మీది, ఆదివారం నాది," అంది.

నాలుగు రోజుల్లో నలభై ఒక్క బాణాలు వేశాడు. ఎర్ర బాణం, తెల్ల అంచు. కాళ్ళు ఎటు తీసుకుపోతే అటు వేసుకుంటూ పోయాడు. ఎవరూ అడ్డు చెప్పలేదు. తమ గుమ్మానికి ఊరికే రంగు పడుతుందంటే ఎవరికి చేదు?

శనివారం పది గంటలకు బస్సు వచ్చింది. "బాణాలు చూసుకుంటూ బయల్దేరాం" అని గైడు ఫోన్ చేశాడు. బురుజు మెట్ల దగ్గర చైర్మనమ్మ మైకు పట్టుకుని సిద్ధంగా నిలబడింది. పక్కనే ఇస్త్రీ చొక్కాలో కుంచె బావ. పావుగంట గడిచింది. అరగంట గడిచింది. గంటయినా బజారు వీధిలో ఒక్క పురుగు లేదు. గైడు ఫోనెత్తడం మానేశాడు.

"ఏరీ తమ్ముడూ? అసలు బజారు వీధిలో నీ బాణాలేవీ?"

"అక్కడెందుకుంటాయక్కా? బురుజుకి అటు చుట్టూ తిరిగి ఎవరొస్తారు..." అంటూనే కుంచె బావకు తను చేసిన పని తెలిసివచ్చింది.

నిజమే, ఆ ఊళ్ళో బజారు వీధి మీదుగా బురుజుకి ఎవరూ వెళ్ళరు. పంతులమ్మ ఇంటి వీధి గుమ్మంలోంచి దూరి, పెరట్లోంచి బయటపడి, టైలరు కొట్టులోంచి నడిచి, ఇంకో నాలుగు ఇళ్ళు దాటి వెళతారు. "వస్తున్నా" అని ఒక కేక వేస్తే చాలు, తింటున్నవాళ్ళు కంచం కాస్త పక్కకు జరుపుకుంటారు. తాతముత్తాతల నాటి నుంచీ అదే దారి కాబట్టి అది ఇంకొకరి ఇల్లన్న సంగతే ఎవరికీ గుర్తుండదు. అందులో ఆఖరిది కుంచె బావ సొంత వంటిల్లు.

"కొంప మునిగిందక్కా!" అని, ఏ ఇంట్లో ఆగిపోయారో తెలియక, అతను బస్టాండుకు పరుగెత్తి మొదటి బాణం నుంచి వెతకడం మొదలుపెట్టాడు.

పంతులమ్మ గుమ్మంలోనే ఎదురైంది. రిటైరై తొమ్మిదేళ్ళయినా గొంతు తగ్గలేదు. "ఎంత మంచి పిల్లలయ్యా! ముప్పైరెండు మంది, ఒక్కరూ నిద్రపోలేదు. శత్రువులు కోట చుట్టుముడితే వీధిలోకి రాకుండా బురుజు చేరాలనే మనవాళ్ళు తలుపులన్నీ ఎదురెదురుగా పెట్టారని అరగంట చెప్పా," అంది. అది నిజమో, ఆవిడకు అప్పటికప్పుడు తట్టిందో ఆవిడకే తెలియాలి.

టైలరైతే మెడలో టేపు తీయకుండానే అరిచాడు. "బావా, ముగ్గురు కొలతలిచ్చి వెళ్ళారు! వచ్చే శనివారం వచ్చి తీసుకుంటారట!"

కుంచె బావ ఆ మాట సగమే విన్నాడు. అతని ప్రాణమంతా తన ఇంటి మీదే ఉంది. ప్రయాణం హడావిడిలో, సామానంతా చిందరవందరగా పడి ఉన్న ఇంట్లోకి ముప్పైరెండు మందిని తోలాడు. భార్య వాళ్ళనేమంటుందో, తననేం చేస్తుందో.

గుమ్మం ముందు చెప్పుల గుట్ట. లోపల్నుంచి నవ్వులు. పిల్లిలా అడుగులో అడుగు వేసుకుంటూ తొంగిచూశాడు.

వంటిల్లు కిక్కిరిసిపోయింది. జనం మధ్యలో భార్య, చేతిలో అట్లకాడ, దాంతో గోడ మీది పిచ్చుకల్ని చూపిస్తోంది. "ఈ పచ్చది మా పెళ్ళయిన ఏడు వేశారు. ఈ నీలంది బడికి రంగులేసినప్పుడు. అదిగో, మూలనున్నది చూడండి, మా అమ్మాయి పుట్టిన రోజుది. రంగు చూసుకుందామని మొదలుపెట్టి, సంతోషం పట్టలేక మూడు వేసేశారు." ఆమె ఒక్క పిచ్చుకను కూడా మరిచిపోలేదు. కుంచె బావకు కళ్ళు చెమర్చాయి.

వెనకే రొప్పుతూ చైర్మనమ్మ వచ్చింది, మైకుతో సహా. గైడు ఆవిణ్ణి చూసి నాలుక కరుచుకున్నాడు. "క్షమించండి మేడమ్, ఆలస్యమైంది. వీళ్ళు ఇక్కణ్ణుంచి కదలడం లేదు. ప్రతి శనివారం బస్సు ఖాయమని కంపెనీకి ఇప్పుడే చెప్పేశా. ఒక్క మాట మాత్రం. దయచేసి ఈ బాణాల్ని బజారు వీధికి మార్చకండి."

చైర్మనమ్మ కుంచె బావను ఎగాదిగా చూసింది. "మారుస్తామా? ఎంతో ఆలోచించి వేయించాం!" అంది మైకులోనే.

జనం ఒక్కొక్కరే వెనక గుమ్మం దాటి బురుజు మెట్లెక్కారు. వంటింట్లో మొగుడూ పెళ్ళాం మిగిలారు. గట్టు మీద, కిటికీలో, నేల మీద, ఎక్కడ చూసినా తాగి పెట్టిన గ్లాసులే. ట్రంకుపెట్టె నోరు తెరుచుకుని ఖాళీగా ఉంది. అడుగున చీరముక్కలు తప్ప ఏమీ లేవు.

"మంచినీళ్ళడిగితే ఏం చెయ్యమంటారు? విప్పాల్సి వచ్చింది," అంది ఆమె మొహం అటు తిప్పుకుని.

"రేపటికి మళ్ళీ సర్దాలిగా," అన్నాడతను భయం భయంగా.

"ఎవరు సర్దుతారు? నావల్ల కాదు. పట్నంలో మా తమ్ముడికి నేను చెప్పుకుంటాలెండి." కొంగుతో కళ్ళొత్తుకుని, వచ్చే నవ్వును ఆపుకోలేక, పెట్టెను కాలితో అతని వైపు నెట్టింది. "ముందు దీన్ని అటక మీద పెట్టండి. శనివారం జనమొస్తే కాలికడ్డం."