యథావిధిగా అంటే ఎటువైపు?

నేను ఒక పుస్తకాన్ని. జెరాక్స్ కాగితాలు, స్పైరల్ బైండింగు, అంతే. నాతో కలిపి మొత్తం పదిమందిమి పుట్టాం. మమ్మల్ని రాసింది చీరాలలో కుట్టుమిషన్లు బాగుచేసే కోటిలింగం. చూపు మందగించి, రోజుకు రెండు మిషన్లకు మించి చూడలేకపోతున్నప్పుడు, తెలిసిన పనినే పుస్తకంగా రాస్తే ఇంకాస్త రాబడి ఉంటుందని ఆయనకు తోచింది. వెయ్యి కాపీలు అచ్చువేసి ఇంట్లో పేర్చుకునేముందు పదింటితో జనం నాడి చూద్దామనుకున్నాడు.

నా పేరు ‘కుట్టు యంత్రము: నిర్మాణము, నిర్వహణ’. ఆ పేరు చూసుకుని తెగ మురిసిపోయాను. దారాల కొట్లో గుండీల డబ్బాల పక్కన మమ్మల్ని పెట్టారు. వచ్చినవాళ్లు మా పేరు సగం చదివి, గుండీలు కొనుక్కుని వెళ్లిపోయేవాళ్లు. రెండు వారాల్లో అమ్ముడైంది నేనొక్కదాన్నే.

కొన్నది లూర్దమ్మ. నలభై జతల స్కూలు యూనిఫారాలు సోమవారానికల్లా ఇవ్వాలి. ఆమె మిషనేమో జానెడు కుట్టగానే దారం తెంపుతోంది. మాట తప్పితే ఆ పని ఇంకొకరికి పోతుంది. నన్ను తెరిచి, వేలు పెట్టి చదువుతూ తొమ్మిదో పేజీ దగ్గర ఆగిపోయింది. మర్నాడు పొద్దున్నే నన్ను చంకలో పెట్టుకుని కోటిలింగం రిపేరు కొట్టుకు వచ్చింది.

“బాబాయ్‌గారూ, ‘సూదిని యథావిధిగా అమర్చవలెను’ అని రాశారు. యథావిధిగా అంటే ఎటేపండీ?”

“అది అందరికీ తెలిసిందేగా అమ్మాయ్!”

“తెలిస్తే మీ పుస్తకం ఎందుకు కొంటానండీ?”

ఆయన మొహం ముడుచుకుంది. మనుషులు అభిప్రాయం చెప్పమంటారు, చెబితే నొచ్చుకుంటారు. కానీ ఆయన మెకానిక్కు. చెడిందెక్కడో తెలిశాక ఊరుకోలేడు. ఆమెను కొట్లోని మిషను ముందు కూర్చోబెట్టి, “పుస్తకం చూసి నువ్వే చెయ్యి. నేను నోరు మెదపను” అన్నాడు. ఆమె చెయ్యి ఆగిన ప్రతిచోటా నామీద పెన్సిలు గీత పడింది. మొత్తం పదిహేడు! గీత గీతకూ నా గర్వం దిగిపోయింది. చివరికి ఆయనే ఉండబట్టలేక సూది చదునుపక్క ఎటుండాలో చూపించాడు. లూర్దమ్మ ఇంటికెళ్లి సూది తిప్పి పెట్టుకుంది. సోమవారానికి నలభై జతలూ స్కూలుకు చేరాయి.

నెల తిరిగేసరికి కొత్తగా మరో పది కాపీలు వచ్చాయి. పేజీ పేజీకీ బొమ్మ. పేరు ‘దారం తెగుతోందా?’ అదే కొట్టు, అవే గుండీల డబ్బాలు. నాలుగు రోజుల్లో ఒక్కటీ మిగల్లేదు. ఇప్పుడది అచ్చులో ఉంది.

మొన్న కోటిలింగం లూర్దమ్మ ఇంటికి వచ్చాడు.

“రెండో పుస్తకం జాకెట్టు కటింగు మీద వేద్దాం. అది నీ పుస్తకం అమ్మాయ్.”

“పది తప్పినదాన్ని, నాకు రాయడం ఏమొచ్చండీ?”

“నువ్వు చెప్పు, నేను రాస్తా. అర్థంకాకపోతే ఈసారి అడిగేది నేను.”

లూర్దమ్మ నవ్వేసి కాగితం కోసం చుట్టూ చూసింది. మిషను సొరుగులో నేను కనిపించాను. నన్ను బోర్లా తిప్పి, ఖాళీగా ఉన్న నా ఆఖరి పేజీ వెనక మొదటి కొలత రాసింది.