కారం మానేసిన ఇల్లు

దుప్పటి మడత పెట్టాలంటే ఇద్దరు మనుషులు కావాలి. చెరో రెండు కొసలూ పట్టుకుని ఎదురెదురుగా నిలబడాలి. ఒకసారి గట్టిగా దులిపి, దగ్గరికొచ్చి కొసలు కలిపి, మళ్ళీ వెనక్కి నడవాలి. హోటళ్ళ దుప్పట్లు, ఆసుపత్రి దుప్పట్లు, అన్నీ తెల్లవే. పొద్దున్నుంచి సాయంత్రం దాకా లాండ్రీలో ఆమె పని అదే. ఎదురుగా నిలబడే పిల్ల ఈమధ్యే చేరింది, ఊరికే ఉండలేదు, ఏదో ఒకటి అడుగుతుంది.

"ఇవాళ బావగారు ఏం తిన్నారక్కా?"

"బన్ను. టీలో ముంచుకుని."

"మధ్యాహ్నం కూడానా?"

"ఇప్పుడే కదా తింటున్నారు. చక్కెర లేని టీ."

ఆ పిల్ల తలూపి దుప్పటి దులిపింది. బావగారు లారీ డ్రైవరు. ఆ సమయానికి ఏ రోడ్డు మీద ఉన్నాడో లాండ్రీ అక్కకి తెలీదు కానీ, ఏం తింటున్నాడో మాత్రం తెలుసు. ఆ ఇంట్లో వాళ్ళకి నాలుక ఉమ్మడి. ఒకరు ఏం తిన్నా మిగతావాళ్ళ నోళ్ళకి రుచి తగిలేది, మధ్యలో ఎంత దూరమున్నా సరే. కడుపు మాత్రం ఎవరిది వాళ్ళదే. అత్తగారి పుట్టింటి వైపు నుంచి వచ్చిందట. కోడలిగా వచ్చినవాళ్ళకి కొన్నాళ్ళు ఆ ఇంటి గిన్నెలో తింటే అదే పట్టుబడుతుంది. ఈమెకి పట్టుబడిన రోజు లాండ్రీలో ఇస్త్రీ చేస్తూ ఉండగా ఉన్నట్టుండి నోరంతా తియ్యగా అయిపోయింది. ఇంటికెళ్ళి, "అత్తయ్యా, డాక్టరు చక్కెర వద్దన్నాడు కదా" అంది. ముసలావిడ కోడల్ని ఎగాదిగా చూసి, "అయితే నువ్వు మా మనిషివయిపోయావన్నమాట" అని, డబ్బా మూత పెట్టేసింది. వీధిలో వాళ్ళకి కూడా ఇది కొత్త సంగతేం కాదు. కొన్ని ఇళ్ళల్లో అందరికీ చత్వారం ముందే వస్తుంది, కొన్ని ఇళ్ళల్లో అందరూ ఎడమచేతి వాటం. వీళ్ళకి ఇది.

ఆ ఇంట్లో కారం తినరు. మునుపు తినేవాళ్ళు. పెద్దపిల్ల తర్వాత చాలా ఏళ్ళకి చిన్నోడు పుట్టాడు. వాడికి పళ్ళు వస్తున్న రోజుల్లో డ్రైవరు ఎక్కడో రోడ్డు పక్కన భోజనానికి కూర్చుని పచ్చిమిరపకాయ కొరికాడు. ఇంట్లో లోపలి గదిలో ఉయ్యాల్లో ఉన్న చిన్నోడు ఒక్కసారిగా కెవ్వుమన్నాడు. మొహం ఎర్రబడిపోయింది, ఊపిరి తిరగలేదు. నోట్లో ఏం పెట్టుకున్నాడోనని తల్లి వేలు పెట్టి వెతికింది. తన నాలుక కూడా మండుతుంటే అప్పుడు అర్థమైంది. ఫోన్లో మొగుణ్ణి తిట్టాల్సినవన్నీ తిట్టింది. అప్పట్నుంచీ ఎవరూ మిరపకాయ ముట్టుకోలేదు. స్కూల్లో స్నేహితులు పెట్టినా పెద్దపిల్ల తినేది కాదు. డ్రైవరు ఏ ఊళ్ళో కూర్చున్నా ముందు అడిగే మాట, "కారం ఉందా ఇందులో?" అనే. పక్క డ్రైవర్లు నవ్వేవాళ్ళు. "మా ఇంట్లో చంటోడున్నాడయ్యా" అనేవాడు.

పోయిన చలికాలంలో చిన్నోడికి జ్వరం వచ్చింది. వచ్చిన జ్వరం తగ్గలేదు. ఆసుపత్రిలో నర్సు చెంచాతో మందు పట్టింది. నారింజ రుచి. మంచం పక్కన నిలబడ్డ తల్లికి తెలిసింది, ఇంట్లో ఉన్న నానమ్మకి, అక్కకి తెలిసింది, ఎక్కడో బొగ్గు లోడుతో వస్తున్న తండ్రికి తెలిసింది. ఆ తీపి కాసేపు ఉండి పల్చబడింది. ఆ తర్వాత వాడి దగ్గర్నుంచి ఏ రుచీ రాలేదు. ఫోను వచ్చేసరికే డ్రైవరు లారీ తిప్పేశాడట. అయినా చేరేసరికి అంతా అయిపోయింది.

ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరూ పెద్దగా ఏడవలేదు. ఏడుపు వస్తుందేమోనని ఎదురుచూశారు, రాలేదు. ఆమె పనిలోకి వెళ్ళిపోయింది. డ్రైవరు అడిగి మరీ దూరపు లోడ్లు వేయించుకున్నాడు. ఇంట్లో ఉడకబెట్టిన బంగాళాదుంపలు, అన్నం, పాలు. అంతే. ఉప్పు ఉందో లేదో ఎవరూ చూసుకునేవాళ్ళు కాదు. నాలుక మీద రుచి తగిలేది గానీ, గోడకవతల ఎవరో మాట్లాడుకుంటున్నట్టు ఉండేది.

ఇలా కొన్ని నెలలు జరిగాక ఒకరోజు పెద్దపిల్ల వంటింట్లోకి వచ్చి, "ఇవాళ్టి నుంచి సాయంత్రం వంట నేను చేస్తాను" అంది. పదిహేనేళ్ళ పిల్ల. ఫోన్లో ఒక మెక్సికో ఆవిడ వంటలు చూస్తోందట. ఆవిడకి అయిదుగురు పిల్లలు. చేతిలో ఎక్కువ డబ్బు ఉండదు, టైమూ ఉండదు. రాజ్మా గింజల్లాంటి ఎర్ర బీన్స్, మొక్కజొన్న పిండి, టమాటాలు, మిగిలిన అన్నం, వీటితోనే వారమంతా నెట్టుకొస్తుంది.

"చెయ్యి" అంది తల్లి.

పొద్దున నానబోసిన బీన్స్‌ని కుక్కర్లో మెత్తగా ఉడికించింది పిల్ల. ఉల్లిపాయ, వెల్లుల్లి, జీలకర్ర వేయించి అందులో బీన్స్ వేసి గరిటె వెనకతో మెదిపింది. మొక్కజొన్న పిండి వేణ్ణీళ్ళతో కలిపి ఉండలు చేసి, పాల కవరు కోసి రెండు ముక్కల మధ్య పెట్టి, పైన పళ్ళెంతో నొక్కింది. మొదటి రొట్టె విరిగిపోయింది. రెండోది కవరుకి అంటుకుంది. మూడోది కాస్త రొట్టెలాగే వచ్చింది. టమాటాలని మంట మీద తొక్క నల్లబడేదాకా కాల్చి, చిదిమి, పచ్చి ఉల్లిపాయ ముక్కలూ కొత్తిమీరా నిమ్మరసం కలిపింది. దాన్ని సల్సా అంటారని చెప్పింది.

"ఇందులో నిజానికి మిరపకాయ కూడా కాల్చి వెయ్యాలట" అంది, ఎటో చూస్తూ.

"ఇలాగే బావుంటుందిలే" అని మళ్ళీ తనే అంది.

ముసలావిడ రొట్టెలో బీన్స్ పెట్టుకుని, సల్సా వేసుకుని, మడిచి కొరికింది. సగం ఒళ్ళో పడింది. "తినడానికి బావుంది గానీ, ఏ వైపు నుంచి తినాలో ఆ మెక్సికో ఆవిడ చెప్పలేదా?" అంది. పిల్ల నవ్వబోయి ఆగిపోయింది.

అదే అలవాటైంది. ఒకరోజు రొట్టె మధ్యలో చీజ్ తురుము పెట్టి పెనం మీద కాల్చేది. ఒకరోజు మిగిలిన అన్నంలో టమాటా గుజ్జు పోసి వేయించేది. మిగిలిన రొట్టెలని మర్నాడు ముక్కలు చేసి నూనెలో కరకరలాడేలా వేయించి, పైన బీన్స్ పరిచేది. ఖర్చు తక్కువ, పని తక్కువ. ఆమె పని నుంచి వచ్చి పిల్ల పక్కన నిలబడి రొట్టెలు నొక్కేది. దుప్పట్లు మడత పెట్టినట్టే, ఒకరు నొక్కితే ఒకరు కాల్చేవాళ్ళు.

డ్రైవరుకి ఇవన్నీ దారిలోనే తగిలేవి. ఫోన్ చేసినప్పుడు, "నిన్న నిమ్మకాయ ఎక్కువైంది" అనేవాడు. "అవును" అనేది ఆమె. అంతకన్నా మాట సాగేది కాదు.

కొన్నాళ్ళకి అతని దగ్గర్నుంచి వచ్చే రుచులు తగ్గిపోయాయి. ముందు బన్ను ఆగిపోయింది. తర్వాత టీ. వట్టి నీళ్ళు మిగిలాయి. ముసలావిడకే ముందు తెలిసింది.

"వాడు నిన్నట్నుంచీ ఏమీ తినలేదే" అంది కోడలితో. "నీకు తెలుస్తోందా?"

"తెలుస్తోందత్తయ్యా."

"అడిగావా?"

"అడిగాను. బానే ఉన్నానన్నారు."

"బానే ఉన్నవాడు తింటాడు" అంది ముసలావిడ.

మర్నాడు సాయంత్రం ఆమె దార్లో కూరగాయలు కొంటుంటే, దుకాణం అతను కొత్తిమీర కట్టతో పాటు రెండు పచ్చిమిరపకాయలు ఊరికే సంచిలో వేశాడు. మామూలుగా అయితే వద్దని తీసి ఇచ్చేసేది. ఆ రోజు ఆ మాట అనడానికి కూడా ఓపిక లేక అలాగే తెచ్చేసింది. పెద్దపిల్ల సంచి ఖాళీ చేస్తూ వాటిని చూసి, గట్టు మీద ఒక పక్కన పెట్టింది.

ముసలావిడ చీకటి పడకముందే తింటుంది కాబట్టి ముగ్గురూ అప్పుడే కూర్చున్నారు. కిటికీలోంచి ఇంకా ఎండ పడుతోంది. పళ్ళాల్లో రొట్టెలు, బీన్స్. ఆమె ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయింది. బీన్స్ రుచి కింద ఇంకేదో ఉంది. నీళ్ళు కూడా తాగని నోరు. ఎండిపోయి, తుప్పు ఇనుము నాకినట్టు. చూస్తే అత్తగారు కూడా నమలడం ఆపేసింది. పిల్ల రొట్టె కింద పెట్టేసింది.

"నీళ్ళు కూడా తాగట్లేదు నాన్న" అంది.

ఆమె ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. అంతే.

ఆమె తిరిగొచ్చి కూర్చుంది. ఆయన నోట్లో ఏదో ఒకటి పెట్టాలి అనుకుంది. బీన్స్ పెట్టింది, నిమ్మరసం పెట్టింది, ఇన్నాళ్ళూ పెడుతూనే ఉంది. అవేవీ ఆయన దాకా వెళ్ళట్లేదు. తన దాకానే రావట్లేదు. లేచి వంటగట్టు దగ్గరికి వెళ్ళి పచ్చిమిరపకాయ తీసుకుని వచ్చింది. దాన్ని పళ్ళెం పక్కన పెట్టుకుని ఇద్దరి వంకా చూసింది.

"తిను" అంది ముసలావిడ. "నా నోటి సంగతి నేను చూసుకుంటాను."

పిల్ల కూడా తలూపింది.

ఆమె మిరపకాయ సగం దాకా కొరికి నమిలింది. కాసేపు ఏమీ అనిపించలేదు. పచ్చివాసన, అంతే. తర్వాత మంట మొదలైంది. నాలుక కొసన మొదలై, అంగిట్లోకి పాకి, చెవుల దాకా వెళ్ళింది. ముసలావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పిల్ల రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుంది. ముగ్గురూ కదలకుండా కూర్చుని వింటున్నారు. ఏం వింటున్నారో ముగ్గురికీ తెలుసు. ఇలాంటప్పుడు ఆ లోపలి గదిలోంచి ఒక ఏడుపు రావాలి.

రాలేదు. ఎక్కడా ఎవరూ ఏడవలేదు.

కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. కారానికే అనుకున్నారు. ఆమె ఇంకో ముక్క కొరికింది.

అప్పుడు ముగ్గురి నోళ్ళలోకీ చల్లగా నీళ్ళు వచ్చాయి. ప్లాస్టిక్ సీసాలో ఎండకి కాగి మళ్ళీ చల్లారిన నీళ్ళ రుచి. గుక్క మీద గుక్క. సీసా మొత్తం తాగినట్టున్నాడు. కాసేపటికి ఫోన్ మోగింది.

"ఎవరు తిన్నది?" అన్నాడు డ్రైవరు. రొప్పుతున్నాడు.

"నేనే."

అవతల లారీలు పోతున్న చప్పుడు.

"ఎక్కడున్నారు?"

"పక్కకి ఆపాను." ఇంజను ఆపేశాడు. "కారం తిన్నావు" అన్నాడు మళ్ళీ. "వాడు..."

"ఏడవలేదండీ" అంది ఆమె. "విన్నాం. ఏడవలేదు."

డ్రైవరు ఏడవడం ఫోన్లో వినిపించింది. ఆమె ఫోన్ బల్ల మీద పెట్టింది, మిగతా ఇద్దరికీ వినపడేలా. ఎవరూ ఓదార్చలేదు. ఆగేదాకా అలాగే కూర్చున్నారు.

లోడు దించేసి అతను ఇంటికొచ్చాడు. బాగా చిక్కిపోయాడు. పిల్ల రొట్టెలు చేసింది, చీజ్ పెట్టి కాల్చింది. మొదటి రొట్టె పూర్తిగా తిన్నాక, ఎవరూ అడక్కుండానే చెప్పాడు.

"ఘాట్ రోడ్డు దిగుతున్నాను. మలుపు కనపడింది. నిద్రేం లేదు, బాగానే కనపడింది. తిప్పాలనిపించలేదు. తిప్పకూడదు అని కూడా అనుకోలేదు. చేతులు అలా ఉండిపోయాయి." పళ్ళెం వంక చూస్తూ చెబుతున్నాడు. "ఇంతలో నోరు మండిపోయింది. నీళ్ళ సీసా కోసం చెయ్యి వెళ్ళింది, కాలు బ్రేకు మీదకి వెళ్ళింది. ఎప్పుడు ఆగిందో కూడా తెలీదు. ముందు చక్రం రోడ్డు అంచు గోడకి ఆనుకుని ఉంది."

ముసలావిడ కొడుకు వంక చాలాసేపు చూసింది. "ఇంకో రొట్టె వెయ్యవే వాడికి" అంది మనవరాలితో.

ఆ రాత్రే ఆమె అతనితో, "ఇక దూరం వెళ్ళకండి" అంది. అంత మాట కూడా అవసరం లేకపోయింది. అతను అప్పటికే ఆఫీసులో చెప్పి వచ్చాడు. ఊళ్ళో దుకాణాలకి పాలు వేసే వ్యాను దొరికింది. జీతం తక్కువ. సాయంత్రానికి ఇంటికొస్తాడు. రొట్టెలు నొక్కడం అతనికి చేతకాలేదు, అంచులు పగిలిపోతాయి. టమాటాలు కాల్చే పని ఇచ్చారు.

అలాగని ఇల్లు మామూలైపోలేదు. ఉయ్యాల ఇంకా లోపలి గదిలోనే ఉంది. ఒక్కోరోజు నలుగురూ ఒక్క మాట కూడా లేకుండా తిని లేచిపోతారు.

ఒక మధ్యాహ్నం లాండ్రీలో ఆమె దుప్పటి కొసలు పట్టుకుని వెనక్కి నడుస్తూ నిలబడిపోయింది. ఎదుటి పిల్ల కూడా ఆగింది.

"ఏంటక్కా?"

"బీన్స్. రాత్రివి. ఆయన వ్యాను ఆపుకుని డబ్బా తెరిచినట్టున్నారు." ఆమె ఇంకాసేపు ఆ రుచి చూసింది. ఉల్లిపాయ సరిగ్గా వేగలేదు. ఉప్పు సరిపోయింది. "ఇంకో దుప్పటి అయ్యాక ఆపుదామా?"

"భోజనాలకి ఇంకా టైముందిగా?"

"ఉందనుకో" అంది ఆమె, దుప్పటి కొసలు కలుపుతూ. "నాకు ఆకలేస్తోంది."